ఆ బోడి రూలును వెంటనే రద్దు చేయాలి

మొన్న ఫైనలియర్ వైవాకు ఎక్స్‌టర్నల్‌గా గుంటూరు, విజయవాడల మధ్య ఒక ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్ళాను. పేరు చెప్పను. ఆ దారిలో బస్సు ఎక్కడ ఆగినా కాలేజీయే కాబట్టి పోల్చుకోవడం మీ వల్లా కాదు.

నలుగురు పిల్లలు కలిసి పవర్ యాంప్లిఫయర్ చేశారు. సెల్ టవర్లో సిగ్నల్ యాంటెన్నాకు ఎక్కే ముందు దానికి బలం పెట్టే భాగం అది. టవర్ల మీద 700 మెగాహెర్ట్జ్ నుంచి 3,500 దాకా రకరకాల బ్యాండ్లు నడుస్తున్నాయి కదా, ఒక్కోదానికి ఒక్కో పెట్టె ఎందుకు, అన్నిటికీ ఒకటే చేద్దామని వాళ్ళ ఆశయం. మంచిదే. గ్రాఫు చూపించారు. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎఫిషియెన్సీ, అంటే తాగిన కరెంటులో సిగ్నల్‌గా తిరిగొచ్చే వాటా, 92 శాతం. ప్రకాశం బ్యారేజీ రెయిలింగులా తిన్నగా ఉంది గీత.

"హీట్ సింక్ ఏది బాబూ?" అన్నాను. వేడిని లాగేసే లోహపు దిమ్మ అది.

"ల్యాబులో ఏసీ ఉంది కదా సార్."

అదే గీత, అదే 92 ముందురోజు ఇంకో కాలేజీలోనూ చూశాను. సంబంధం లేని రెండు బ్యాచ్‌లకు ఒకే సత్యం, ఒకే స్పెల్లింగు తప్పుతో సహా దర్శనమిచ్చింది. మహర్షులకు కూడా అంత ఏకాభిప్రాయం కుదరలేదు. బైండింగు రంగు కూడా ఒకటే.

ముందు కోపం వచ్చింది. క్యాంటీన్లో టీ తాగుతూ తీరిగ్గా ఆలోచిస్తే తప్పు పిల్లలది కాదని తేలింది. తప్పు ప్రకృతిది. పిల్లలు 92 ఇస్తామంటుంటే అది ఇవ్వనివ్వడం లేదు.

క్లాస్ ఏ యాంప్లిఫయర్నే తీసుకోండి. సిగ్నల్ ఉన్నా లేకున్నా ఫుల్లుగా కరెంటు తాగుతూ కూర్చుంటుంది. సంక్రాంతికి దిగిన కొత్త అల్లుడన్నమాట. ఎంత మర్యాద చేసినా పెట్టినదాంట్లో సగానికి మించి తిరిగి రాదని లెక్కలే చెబుతున్నాయి. క్లాస్ బి సగం పూట పనిచేసి సగం పూట పడుకుంటుంది కాబట్టి లెక్క ప్రకారం 78.5 శాతం దాకా వస్తుంది. (పని తగ్గించినకొద్దీ సామర్థ్యం పెరగడం మన ఆఫీసుల్లో ఎవరికీ వింతగా తోచదు.) మిగిలిందంతా వేడి. వంద వాట్లు పోస్తే నలభై యాంటెన్నాకు ఎక్కి అరవై అక్కడే కాగాయనుకోండి. మే నెలలో బెజవాడ డాబా మీద కరెంటు బిల్లు కట్టి మరీ వేడి పుట్టించడమంటే గుంటూరు మిర్చి యార్డుకు కారం పొట్లం పంపడమే.

ఇది చాలదన్నట్టు 4జీ, 5జీ వచ్చాయి. వీటి సిగ్నల్లో వందల కొద్దీ చిన్న క్యారియర్లు (సమాచారం మోసే అలలు) పక్కపక్కనే నడుస్తుంటాయి. మామూలుగా ఎవరి దారి వారిది. ఎప్పుడో ఒక్క క్షణం అన్నీ ఒకే వైపుకు తోసుకొస్తాయి. అప్పుడు పవర్ సగటుకు ఆరు నుంచి పది రెట్లు లేస్తుంది. అది మూలా నక్షత్రం నాటి ఇంద్రకీలాద్రి క్యూ. బారికేడ్లు ఆ రోజుకు సరిపడా కట్టాలి, జీతాలు ఏడాది పొడవునా ఇవ్వాలి. సగటు దగ్గర నడిచే యాంప్లిఫయర్ బతుకు సరిగ్గా ఇదే. కాగితం మీది 78 ఎప్పుడో ఆ శిఖరం దగ్గర పలికే మాట.

దీనికి 1936లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విలియం డోహర్టీ ఒక ఉపాయం చెప్పాడు. రెండు యాంప్లిఫయర్లు పెట్టు. అన్న రోజూ కొట్టు చూసుకుంటాడు, తమ్ముడు దసరా రద్దీకి మాత్రం దిగుతాడు. బీసెంట్ రోడ్డులో ఇది తెలియని వ్యాపారి ఉండడు. చిక్కెక్కడంటే, అన్నదమ్ముల మధ్య పావు తరంగం పొడవున్న తీగ ఉండాలి. గాలిలో అయితే 3,500 మెగాహెర్ట్జ్ దగ్గర అది రెండు సెంటీమీటర్ల పైచిలుకు, 700 దగ్గర పది దాటుతుంది. ఒకే తీగకు రెండు పొడవులు ఎలా వస్తాయని అడిగాను. "సాఫ్ట్‌వేర్‌లో వస్తాయి సార్" అన్నారు పిల్లలు.

హార్మోనిక్కుల గొడవ ఇంకొకటి. అసలు ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు రెట్ల దగ్గర పుట్టుకొచ్చే అక్కర్లేని సిగ్నళ్ళు అవి. సన్న బ్యాండు అయితే వాటిని ఫిల్టరు పెట్టి బయటికి గెంటేయొచ్చు. మనవాళ్ళ బ్యాండులో 700కు పుట్టిన 1,400, 2,100 రెండూ ఇంటి పిల్లలే అయి కూర్చున్నాయి. గెంటితే ఎక్కడికి గెంటుతాం?

అసలు దుర్మార్గం ఇవేవీ కావు. యాంప్లిఫయర్లో పనిచేసే పెద్ద ట్రాన్సిస్టరుకు ఎదుట కావలసిన లోడు (నిరోధం) కొద్ది ఓములు, యాంటెన్నా వైపు ఉన్నది 50 ఓములు. ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరైతే ఈ సంబంధం ఏ పేరయ్యయినా కుదురుస్తాడు. బ్యాండు పొడవునా కుదరాలంటే మాత్రం 1945లో హెండ్రిక్ బోడీ, 1950లో రాబర్ట్ ఫానో అనే ఇంజినీర్లు అడ్డం పడ్డారు. ట్రాన్సిస్టరు కెపాసిటెన్సును (చార్జిని పట్టి ఉంచే గుణాన్ని) బట్టి గంగాళంలో పప్పు ఇంతే అని తేల్చేశారు. పంక్తులు (బ్యాండు) పెంచుకో, మాకు అభ్యంతరం లేదు, గరిటె (కుదిరే సంబంధం) చిన్నదవుతుంది అన్నారు. ఎంత తెలివైనవాడు వడ్డించినా సరే. ఆ మొదటాయన పేరు వినగానే బ్యాచ్‌లో ఒకడు "ఆ బోడి రూలెందుకు సార్ మనకి" అన్నాడు. ఈ విషయంపై ఇంతవరకు వెలువడిన అభిప్రాయాల్లో నాకు నచ్చింది అదొక్కటే.

కాబట్టి ప్రభుత్వం వెంటనే జీవో ఇచ్చి ఈ హద్దును కనీసం ఉమ్మడి గుంటూరు, కృష్ణా జిల్లాల వరకైనా రద్దు చేయాలి. కుదరకపోతే కమిటీ వేయాలి. అందులో సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నవాళ్ళు ఎవరూ ఉండకూడదు, వాళ్ళకు అనుభవం ఉంటుంది, అది నిష్పాక్షికతకు అడ్డం. అదీ కాకపోతే విజయవాడ ధర్నా చౌక్‌లో ఫానో డౌన్ డౌన్ అని ఒక రోజు కూర్చుందాం. మైకు సెట్టువాడి యాంప్లిఫయరూ కాగుతుంది, కాగనీయండి.

ఆ రోజు చివర్న ఒక ఎంటెక్ అమ్మాయి వచ్చింది. ఒక్కతే చేసింది. క్లాస్ జె అట. రెండో హార్మోనిక్కును గెంటకుండా, కెపాసిటరుతోనే సర్దుకుపోయే పద్ధతి. లెక్కలో క్లాస్ బి అంతే వస్తుంది. కాకపోతే డ్రెయిన్ (ట్రాన్సిస్టరు అవుట్‌పుట్ కాలు) వోల్టేజి ఎక్కువ ఎగురుతుంది, గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టరు కనుక తట్టుకుంటుంది అని చెప్పింది. 1,600 నుంచి 2,400 దాకా కొలిచింది. ఎక్కువలో ఎక్కువ 58 శాతం, మధ్యలో ఒకచోట 51కి దిగింది. రెండు ట్రాన్సిస్టర్లు కాల్చానని, డబ్బులు వాళ్ళ నాన్న ఇచ్చారని తనే ఒప్పుకుంది. ఆ గొయ్యి ఎందుకు వచ్చిందో కూడా వివరించబోయింది. టైము లేదన్నాం.

92 పెద్దదా, 58 పెద్దదా అన్నది లెక్కల ప్రశ్న. కమిటీ లెక్క తప్పలేదు. ప్రకృతితో లాలూచీ పడినందుకు ఆ అమ్మాయికి ఎనిమిది మార్కులు తగ్గాయి. నేనూ సంతకం పెట్టాను. ఆఖరి బస్సు టైమైంది.

బోర్డును పాత పేపర్లో చుట్టి తీసుకెళ్ళబోతుంటే చూస్తానని అడిగి చేతిలోకి తీసుకున్నాను. కింద బరువైన అల్యూమినియం దిమ్మ. ఇంకా వెచ్చగానే ఉంది.