వృద్ధాశ్రమం మీద ఫిర్యాదు చేస్తే పిల్లలకే జైలా?

బెజవాడ అపార్ట్‌మెంట్ గ్రూపుల నుంచి డల్లాస్‌లో ఉన్న గుంటూరు వాళ్ల గ్రూపుల దాకా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ‘అమ్మానాన్నలను హోమ్‌లో చేర్చిన వాళ్లకు హెచ్చరిక’ అని మొదలు, ‘మీ వాళ్లందరికీ పంపండి’ అని చివర. మధ్యలో ఉన్నది ఇదీ: చేర్చేటప్పుడు బాండ్ మీద సంతకం పెట్టారు కాబట్టి ఏ కేసూ చెల్లదు. మంచం పుండ్లు వయసు వల్ల వచ్చేవే, ఎవరి తప్పూ కాదు. చేతులు కట్టేయడం వాళ్ల భద్రత కోసమే. వినియోగదారుల కోర్టు హోమ్‌లకు వర్తించదు. పోలీసుల దగ్గరకు వెళ్తే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద పిల్లల మీదే కేసు తిరుగుతుంది, మూడు నెలలు జైలు. ఆ చట్టంతో హోమ్‌ను మాత్రం శిక్షించలేరు. అందుకని గొడవ చేయకుండా వేరే హోమ్‌కు మార్చేసుకోండి, కేసు తేలేలోపు పెద్దవాళ్లు ఎలాగూ పోతారు.

పంపేవాళ్లు మేలు చేస్తున్నామనుకునే పంపుతున్నారు. చదివి భయపడిన కుటుంబం నోరు మూసుకుంటుంది. అదే హోమ్‌లో పక్క మంచం మీదున్న ముసలమ్మకు అవే దెబ్బలు కొనసాగుతాయి. అందుకే ఇది రాయాల్సి వస్తోంది.

బాండ్ సంగతి ముందు తేల్చేద్దాం. ‘ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు’ అని స్టాంపు కాగితం మీద రాయించుకున్నంత మాత్రాన కొట్టే హక్కు రాదు, మాడ్చే హక్కు రాదు. నేరానికి ముందే మాఫీ రాసిచ్చే ఒప్పందం 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ముందు నిలవదు. పైగా ఆ కాగితం మీకే పనికొస్తుంది. స్నానం, మందులు, డైపర్లు, రాత్రి అటెండెంట్ అని అందులో వాళ్లు రాసిన ప్రతి సేవా వాళ్లు ఒప్పుకున్న బాధ్యతే. తన పని తాను చేసుకోలేని మనిషిని చూసుకుంటానని ఒప్పందం చేసుకుని, కావాలని మానేస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 357వ సెక్షన్ కింద నేరం. శిక్ష చిన్నదే, మూడు నెలల వరకు జైలు లేదా అయిదు వేల వరకు జరిమానా లేదా రెండూ. కానీ ఆ కాగితం లేకపోతే అది రుజువు చేయడమూ కష్టమే. కోపంలో చించేయకండి.

వినియోగదారుల కోర్టు వర్తించదన్నది ఉత్త మాట. డబ్బు తీసుకుని ఇచ్చే సేవ సేవే. కట్టిన ఫీజు 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లొచ్చు. అయిదు లక్షల లోపయితే కోర్టు ఫీజు లేదు. లాయరును పెట్టుకుని తీరాలన్న నియమమూ లేదు. హోమ్ ఏ ఊళ్లో ఉన్నా, ఫిర్యాదు చేసేవారు ఉండే జిల్లాలో వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. ఒక్క మినహాయింపు: పూర్తిగా ఉచితంగా నడిచే ఆశ్రమం మీద ఈ దారి లేదు. పోలీసు దారి మాత్రం ఉంటుంది.

కట్టేయడం గురించి రాసినవాళ్లకు సిగ్గుండాలి. మానసిక ఆసుపత్రిలో కూడా, 2017 మానసిక ఆరోగ్య చట్టం 97వ సెక్షన్ ప్రకారం, ప్రమాదం తప్పించడానికి వేరే దారే లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, రికార్డులో కారణం రాసి, అవసరమైనంతసేపే కట్టాలి. 24 గంటల్లో రోగి తరఫు ప్రతినిధికి చెప్పాలి. సిబ్బంది చాలరనే కారణంతో కట్టకూడదని అదే సెక్షన్‌లో ఉంది. ఆసుపత్రికే ఇన్ని షరతులుంటే, రాత్రి ఇరవై మందికి ఒక్క ఆయాను పెట్టిన హోమ్ చున్నీతో మంచం కోడుకు చెయ్యి కట్టేస్తే అది భద్రతా? న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం. ఇది కాగ్నిజబుల్, అంటే పోలీసులు నేరుగా కేసు కట్టాల్సిందే. మామూలు గాయం మాత్రమే రాస్తే ‘నాన్ కాగ్నిజబుల్, కోర్టుకు వెళ్లండి’ అని పంపించేస్తారు. కట్టేసిన సంగతీ, ఎముక విరిగిన సంగతీ ఫిర్యాదులో ఉంటే, ఒక్క నేరం కాగ్నిజబుల్ అయినా మొత్తం కేసు అలాగే నడుస్తుంది.

ఇక మంచం పుండ్లు. ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం గంటల తరబడి నలిగి, రక్తం అందక చచ్చిపోతే పడే పుండు అది. నడుం కింద, తుంటి పక్కన, మడమల దగ్గర వస్తుంది. లేవలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, తడిసిన డైపర్ వెంటనే మార్చడం, చర్మం పొడిగా ఉంచడం, తిండిలో మాంసకృత్తులు తగ్గకుండా చూడడం, ఇవి చేస్తే చాలావరకు రాదు. మొదటి దశ ఎర్ర మచ్చ, వేలితో నొక్కితే తెల్లబడదు. రెండో దశలో పైచర్మం లేచిపోతుంది. మూడో దశలో కొవ్వు కనిపిస్తుంది, నాలుగో దశలో కండ, ఎముక. అవసాన దశలో, ఎంత బాగా చూసుకున్నా కొందరికి చర్మం నిలవదు. అది ఒప్పుకోవాలి. కానీ నాలుగో దశ దాకా వచ్చే వరకు ఇంట్లో వాళ్లకు ఒక్క ఫోనూ చేయలేదంటే, డాక్టరును పిలవలేదంటే, దానికి వయసు ఏం చేసింది?

అడిగితే హోమ్ వాళ్లు, మనిషిని ఏ వేళ పక్కకు తిప్పారో రాసే చార్టు తెచ్చి చూపిస్తారు. దాన్ని నిదానంగా చూడండి. నెల మొత్తం ఒకే పెన్ను, ఒకే చేతిరాత. ప్రతి రెండు గంటలకూ తప్పకుండా టిక్కు. మీ నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న రెండు రోజులకూ టిక్కులు ఉన్నాయా? ఉంటే అది తర్వాత ఒకేసారి కూర్చుని నింపిన కాగితం. వెంటనే ఫొటో తీసుకోండి.

ఇప్పుడు అసలు విషం, ‘మీకే జైలు’ అన్న ముక్క. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో 24వ సెక్షన్‌ను చూసి ఇది రాశారు. మూడు నెలల వరకు జైలు, అయిదు వేల వరకు జరిమానా, లేదా రెండూ అన్నది నిజమే. ఎవరికి? సంరక్షణ బాధ్యతలో ఉండి, ‘పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో’ వృద్ధులను ఎక్కడైనా వదిలేసిన వారికి. నెలనెలా ఫీజు కడుతూ, వచ్చి చూస్తూ, ఫోన్ చేస్తూ, దెబ్బ కనబడగానే స్టేషన్ మెట్లెక్కిన కూతురు వదిలించుకున్నట్టా? ఫిర్యాదు చేయడమే వదిలేయలేదనడానికి రుజువు. ఇంకో సంగతి: ఆ సెక్షన్‌లో కొడుకు, కూతురు అన్న మాటే లేదు. సంరక్షణలో ఉంచుకున్నవారెవరైనా అని ఉంది. కాబట్టి ఫీజు ఆగిందనో, జబ్బు ముదిరిందనో పెద్దాయనను ఆటోలో తెచ్చి ప్రభుత్వాసుపత్రి గేటు దగ్గర దింపేసి పోయే హోమ్ యజమానికి కూడా అదే సెక్షన్ తగులుతుంది. ఈ ముక్క మాత్రం ఏ ఫార్వర్డ్‌లోనూ రాదు!

ఆ చట్టంతో హోమ్‌ను శిక్షించలేరన్న మాటలో కొంత నిజముంది. ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్ ఇప్పించేది పిల్లల నుంచి పోషణ ఖర్చు, నెలకు పది వేలకు మించకుండా. ప్రైవేటు హోమ్ మీద అక్కడికి వెళ్తే కాలం వృథా. హోమ్‌లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసే సవరణ బిల్లు 2019 డిసెంబర్‌లో లోక్‌సభకు వచ్చినా చట్టం కాలేదు. ఆ లోటు పెద్దదే. అయినా మిగతా చట్టాలు ఎక్కడికీ పోలేదు. పార్కిన్సన్స్ వంటి జబ్బుతో వికలాంగులైన వారికి, తమ చేతి కింద ఉండగా తెలిసీ తిండి, నీళ్లు ఇవ్వకపోతే 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల జైలు.

వేరే చోటికి మార్చేయమన్న సలహా కూడా సగం సరైనదే. మనిషిని అక్కడి నుంచి బయటకు తేవడమే మొదటి పని, కేసు తర్వాత. కానీ అక్కడి నుంచి నేరుగా ఇంకో హోమ్‌కు కాదు, క్యాజువాలిటీకి. గుంటూరు జీజీహెచ్ కావచ్చు, విజయవాడ ప్రభుత్వాసుపత్రి కావచ్చు, ఎంఎల్‌సీ (గాయాలను పోలీసు కేసుకు పనికొచ్చేలా ఆసుపత్రి రాసే మెడికో లీగల్ రికార్డు) నమోదు చేయమని అడగండి. ఇక్కడే చాలా కేసులు చచ్చిపోతాయి. తోడొచ్చిన హోమ్ అటెండెంటు ‘బాత్రూంలో జారిపడ్డారు’ అంటాడు, డ్యూటీ డాక్టరు అదే రాసుకుంటాడు, రేపు కోర్టులో ఆ వాక్యమే మీకు అడ్డం పడుతుంది. అటెండెంటును పక్కకు పంపి మీరే చెప్పండి. పెద్దవాళ్లు మాట్లాడగలిగితే వాళ్ల మాటల్లోనే రాయించండి.

కట్టు కట్టక ముందే ఫొటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టి. మణికట్టు చుట్టూ గీతలు, జబ్బ మీద ఒక వైపు నాలుగు వేళ్ల మరకలు, రెండో వైపు బొటనవేలి మరక, ఇవి పడిపోతే వచ్చేవి కావు. వాట్సాప్‌లో పంపి ఒరిజినల్ తీసేయకండి. భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో కోర్టుకు ఇవ్వాల్సింది ఆ ఫోన్‌లో ఉన్నదే. సీసీ కెమెరా రికార్డింగ్ హార్డ్‌డిస్క్ నిండగానే చెరిగిపోతుంది కాబట్టి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా భద్రపరచాలో రాసి హోమ్‌కు అదే రోజు ఈమెయిల్, స్పీడ్ పోస్టు రెండూ పంపండి.

హోమ్ తాడేపల్లిలో ఉంది, మీరు బెజవాడలో స్టేషన్‌కు వెళ్లారు. ‘అది గుంటూరు జిల్లా’ అని తిప్పి పంపే వీల్లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ (ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా కట్టే ఎఫ్‌ఐఆర్) కట్టాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. కాదంటే భారతీయ నాగరిక సురక్ష సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(4) కింద విజయవాడలో పోలీస్ కమిషనర్‌కు, గుంటూరులో ఎస్పీకి పోస్టులో పంపి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లాలి. విదేశాల్లో ఉన్నవాళ్లు ఈమెయిల్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు గానీ, మూడు రోజుల్లో సంతకం చేయకపోతే అది ఎఫ్‌ఐఆర్ కాదు. కాబట్టి ఇక్కడున్న తమ్ముడితోనో పిన్నితోనో నేరుగా ఇప్పించడం మేలు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, న్యాయ సహాయానికి 15100.

కేసు తేలేలోపు పెద్దవాళ్లు పోతారని మెసేజ్‌లో రాశారు. జరుగుతుంది, కాదనను. కానీ మనిషి పోతే కేసు పోదు. వినియోగదారుల ఫిర్యాదు వారసులు వేయొచ్చు, కొనసాగించవచ్చు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు. అనుమానం ఉంటే దహనానికి ముందే పోలీసులకు రాసిచ్చి పంచనామా, పోస్టుమార్టం అడగండి. హోమ్ వాళ్లు స్వర్గపురి బండిని వాకిట్లోకి తెప్పించి తొందరపెట్టినా సరే, బంధువులంతా వచ్చేశారని చుట్టాలు గొణిగినా సరే, ఆ పూట ఆపండి.