గౌరికి అందని గడ్డి

పలమనేరు వైపు మా ఊళ్ళో మునెమ్మక్క వాళ్ళ ఆవుల కొట్టం మా ప్రహరీ గోడకి ఆనుకునే ఉంటుంది. మాకు అలారం అక్కర్లేదు, పాలు పితికే వేళకి మొగుడూ పెళ్ళాల పంచాయితీ మొదలైపోతుంది. నిన్నటిది వినండి.

"ఏమయ్యా, రాత్రి ఆవులకి మేత వేశావా?"

"వేశానే. నాలుగు గంపల నేపియర్ గడ్డి, ముక్కలు కొట్టి మరీ. ఎదురుగా అంత కుప్ప ఉంటే కళ్ళు కనబడటం లేదా?"

"నాకూ కనబడుతోంది, గౌరికీ కనబడుతోంది. పాపం, రాత్రంతా చూస్తూ కూర్చుంది."

"ఒళ్ళు కొవ్వెక్కి తినలేదు."

"కొవ్వెక్కలేదు, మేతకి ముందు అడ్డంగా ఉన్న ఆ పైపు ఒత్తుకుని మెడ మీద వెంట్రుకలు ఊడి కాయ కాసింది, ఇలా వచ్చి చూడు. అడుగున కలిపిన తవుడూ చెక్కా ఏరుకోవడానికి అది మూతితో కెలుకుతుంది కదా, కెలికినకొద్దీ గడ్డి ముందుకి జరుగుతుంది, మూడడుగులు దాటిందంటే ఇక అది పొరుగూరి గడ్డి కిందే లెక్క. పలుపేసి కట్టేశాం, లేచెళ్ళి తెచ్చుకుంటుందా?"

"పొద్దునా సాయంత్రం వేస్తున్నా కదే! ఎన్నిసార్లు తింటుంది?"

"రోజుకి పదిసార్లు. కొంచెం మేసి, పడుకుని నెమరేసి, మళ్ళీ లేస్తుంది. లేచినప్పుడల్లా నోటికి అందాలి. నిన్న పాల కేంద్రంలో అర లీటరు తక్కువొస్తే మెషీన్ తప్పన్నావు!"

"అయితే అర్ధరాత్రి లేచి గడ్డి నెట్టమంటావా? ఫారిన్‌లో దానికి రోబోలున్నాయే, డ్రమ్ములా గచ్చు మీద తిరుగుతూ అదే నెట్టేస్తుంది, ఫోన్లో చూశా. అదొకటి కొందాం."

"కొనేదేముంది, మా నాన్న పాతికేళ్ళ కిందటే కట్నమిచ్చి కొన్నాడు ఒకటి. మూడు పూటలా చార్జింగ్ పెడుతున్నా, మంచం మీంచి కదలదు."

ఈ మాటకి మునస్వామన్నకి రోషం వచ్చింది. "అందదని నువ్వంటే చాలా? చూడు!" అంటూ గౌరి పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, పైపు కింద తల దూర్చి, గడ్డి వైపు మెడ సాచాడు. నేను గోడ మీంచి చూస్తున్నా, అబద్ధం చెప్పను, ఇంకో జానెడు దూరముంది.

"నాలుక చాచు" అంది మునెమ్మక్క.

"ఆగవే... ఇంకొంచెం... ఏయ్! ఏయ్! నా తువ్వాలు!"

"అరవకయ్యా, రాత్రి నుంచి దానికి అందిన మొదటి మేత అదే."

"నవ్వుతావేంటే, లాగు! మింగిందంటే డాక్టర్ని పిలవాలి!"

ఇద్దరూ కలిసి లాగితే సగం తడిసిన తువ్వాలు బయటికొచ్చింది, ఒక అంచు మటుకు లేదు. కాసేపు చప్పుడు లేదు. తర్వాత గచ్చు మీద పొరక గీసిన శబ్దం, గౌరి పరపరా నమిలే శబ్దం.

"ఆ చివర గంగకి కూడా నెట్టయ్యా, అదే చేత్తో" అంటోంది మునెమ్మక్క.