కిటికీ కవరులో అరవై అయిదు

అమెరికాలో మనిషికి అరవై నాలుగు దాటాయంటే ఇంటి ముందు పోస్టు డబ్బాకి నెలలు నిండుతాయి. మూత పట్టదు. పుట్టినరోజును కన్నపిల్లలు మరిచిపోవచ్చు, కట్టుకున్నవాళ్ళూ మరిచిపోవచ్చు, మెడిగ్యాప్ అనే ఆరోగ్యబీమా అమ్మే ఏజెంటు మాత్రం ఆర్నెల్ల ముందునుంచే వేళ్ళు మడుస్తూ కూర్చుంటాడు.

ఆ ఆత్రానికి కారణం లేకపోలేదు. అరవై అయిదు నిండినవాళ్ళకి అక్కడి సర్కారు నడిపే ఆరోగ్యబీమా మెడికేర్. ఏటా ముందు మనం కట్టుకోవలసిన డిడక్టిబుల్ పోను డాక్టరు బిల్లులో నూటికి ఎనభై వంతులు దాన్లో పార్ట్ బి అనే భాగం కడుతుంది. మిగిలిన ఇరవై మనమే కట్టుకోవాలి, ఆ ఇరవైకి ఒక హద్దంటూ లేదు. రెండు వందల డాలర్ల బిల్లుకి నలభై అంటే పోనీలే అనుకుంటాం, రెండు లక్షల బిల్లుకి నలభై వేలంటే గుండె పట్టుకుంటాం, అప్పుడు ఇంకో బిల్లు. ఆ ఇరవైని తలకెత్తుకునేదే మెడిగ్యాప్ పాలసీ. 65 నిండి పార్ట్ బి మొదలైన నెల నుంచి ఆరు నెలలపాటు, షుగరుందా, స్టెంటుందా అని అడక్కుండా కంపెనీ పాలసీ ఇచ్చి తీరాలి. ఆ గడువు దాటితే చాలా రాష్ట్రాల్లో ఆరోగ్యం ఆరా తీస్తారు, కాదనే హక్కు కూడా ఉంటుంది. అందుకే ఏజెంట్లకి ఆ ఆరు నెలలూ శ్రావణమాసం ముహూర్తాలతో సమానం.

న్యూజెర్సీలో ఎడిసన్ పక్కన కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న ఏజెంటుగారొకరు ఉన్నారనుకోండి. 65 నిండబోతున్నవాళ్ళ పేర్లు 500 కొన్నారు. వ్యాపారంలో దాన్ని టీ-65 లిస్టు అంటారు. సీనియర్ ఇచ్చిన నమూనా ఉత్తరంలో ప్లాన్ ఎఫ్ అనే మెడిగ్యాప్ రకం ఉంటే, 2020 జనవరి 1 నుంచి కొత్తగా అర్హత వచ్చినవాళ్ళకి అది అమ్మకూడదని గుర్తొచ్చి జి అని దిద్దారు. కవరు మీద గద్ద బొమ్మ, ఎర్రనీలం చారలు వేస్తే సర్కారు కాగితమనుకుని చచ్చినట్టు తెరుస్తారని ఎవరో సలహా ఇచ్చారు. వినలేదు. ఆ వారంలో ఆయన చేసిన తెలివైన పని అదొక్కటే. ప్రభుత్వం పంపినట్టు భ్రమపెడితే సోషల్ సెక్యూరిటీ చట్టం 1140 సెక్షను కింద ఒక్కో ఉత్తరాన్ని ఒక్కో తప్పుగా లెక్కగట్టి జరిమానా వేయొచ్చు. ఐదు వందల ఉత్తరాలకి ఐదు వందల తప్పులు.

ఆ తర్వాత ఎక్సెల్ తెరిచారు.

ఎడిసన్ జిప్ కోడుల్లో, అంటే అక్కడి పిన్ కోడుల్లో, ఒకటి 08820. ఎక్సెల్ దృష్టిలో అంకె ముందు సున్నా దండగ. ఫైలు తెరవగానే 8820 చేసి కూర్చుంటుంది. తెరిచే ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టుకోవాలి, కానీ అది తెలిసేది ఒకసారి దెబ్బ తిన్నాకే. సరే, సున్నాలు పోయాయి. పేర్లు అక్షరక్రమంలో ఉంటే చూడ్డానికి బాగుంటుందని ఆయన పేర్ల కాలమ్ ఒక్కటే ఎంచుకుని సార్టు కొట్టారు. పక్క కాలమ్‌లని కూడా కలుపుకుని సర్దమంటారా అని ఎక్సెల్ పాపం అడిగింది. ఇలాంటి ప్రశ్నలకి ఎవరు జవాబు చెబుతారు, వద్దన్నారు. పేర్లు కదిలాయి, ఇళ్ళు కదల్లేదు. ఒక్క క్లిక్కుతో ఐదు వందల మంది ఇళ్ళు మారారు, సామాను మోయకుండా.

ఇక పలకరింపు. లిస్టులోని పేర్లని ఉత్తరాల్లో వరసగా నింపే పని మెయిల్ మెర్జ్ ది. మెయిల్ మెర్జ్‌కి ఇంటిపేరు, వాడుకపేరు పట్టింపు లేదు, ఫస్ట్ నేమ్ గడిలో ఏముంటే అదే. ప్రింటరు లోంచి డియర్ వెంకట, డియర్ వెంకట, డియర్ వెంకట అని వరసగా ఊడిపడుతుంటే వాళ్ళావిడ, "ఏమండీ, ఇదేమైనా సుప్రభాతమా?" అన్నారు. నడుమ డియర్ ఎఫ్ఎన్‌యూ ఒకటి. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్ళకి అమెరికా వీసాలో ఫస్ట్ నేమ్ తెలియదని వేసే మూడక్షరాలవి. ఆ పెద్దమనిషి వాటిని ఇరవై ఏళ్ళుగా మోస్తున్నాడు, ఇప్పుడు వాటికీ మెడిగ్యాప్ పిలుపొచ్చింది.

స్టాంపులు. 2025 జూలైలో ఒక్కోటి 78 సెంట్లయింది, 500కి 390 డాలర్లు. ఉత్తరాల్ని ముందే జిప్పులవారీగా సర్ది ఇచ్చే ఫస్ట్ క్లాస్ ప్రీసార్టు చవక, దానికి కావలసిన కనీస సంఖ్య కూడా సరిగ్గా 500. కానీ చేత్తో అంటించిన స్టాంపు చూస్తే చుట్టాలు రాశారనుకుని తెరుస్తారని ఆయన నమ్మకం. నమ్మకం తప్పేమీ కాదు గానీ, ప్రీసార్టుకి వెళ్ళుంటే ఆ సాఫ్ట్‌వేరు అడ్రసులు సరిచూసి, సున్నాలేని జిప్పుల్ని గుమ్మంలోనే నిలబెట్టేది.

రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద మడతల కార్యక్రమం. అసలు ప్రమాదం అక్కడ జరిగింది. పెద్ద కాగితాన్ని మూడు మడతలు వేసి కిటికీ ఉన్న నంబర్ టెన్ పొడుగు కవరులో పెడితే పై మడతలోని అడ్రసు కిటికీలోంచి కనబడాలి. చుట్టూ ఎనిమిదో వంతు అంగుళమైనా ఖాళీ ఉండాలి. అతికించేముందు కవరు అంచుల్ని ఒక్కోటీ టేబుల్‌కి తట్టి, కాగితం ఎటు జారినా అడ్రసు పూర్తిగా కనబడుతోందో లేదో చూసుకోవాలి. మొదటి వంద కవర్లూ తట్టారు. తర్వాత చేతులు నొప్పెట్టి పదో తరగతి అబ్బాయిని పిజ్జా ఆశపెట్టి కూర్చోబెట్టారు. వాడు మడత అర అంగుళం పొట్టిగా వేశాడు. పొట్టి కాగితం కవరులో ఉయ్యాలూగుతుంది. పైకి జారిందంటే పేరు వెళ్ళి కవరు వెనక దాక్కుంటుంది, వీధి నంబరు, ఊరు మిగులుతాయి, కింద నుంచి ఉత్తరం శీర్షిక లావుపాటి అక్షరాలతో తొంగి చూస్తుంది: మీకు 65 నిండుతున్నాయి!

పేరు లేదు, వయసు ఉంది.

పది రోజులకి తిరుగుటపా మొదలైంది. ఈ పేరుగల మనిషి ఇక్కడ లేడని పసుపుపచ్చ స్టిక్కర్లతో 63 కవర్లు. ఫస్ట్ క్లాస్ కాబట్టి ఉచితంగా వెనక్కొచ్చాయి. చవకైన మార్కెటింగ్ మెయిల్‌లో వేసి, చేరకపోతే తిప్పి పంపమని కవరు మీద అచ్చువేయకపోయి ఉంటే పోస్టాఫీసులోనే చెత్తబుట్ట పాలయ్యేవి, పొరపాటు ఆయనకి ఈ జన్మలో తెలిసేది కాదు. చిత్రమేమిటంటే, అబ్బాయి చెడగొట్టిన కవర్లలో ఒక్కటీ వెనక్కి రాలేదు. నాన్న తప్పు పేర్లు వేస్తే కొడుకు మడత ఆ పేర్లనే దాచేసింది. అడ్రసులు సరైనవే కాబట్టి చేరవలసిన గుమ్మానికి చేరాయి.

జవాబు కార్డు కూడా ఆ కవర్లలో ఒకదాని నుంచే వచ్చింది. ఒకే ఒక్కటి. నూటికి ఒకటొస్తే పండగ చేసుకునే వ్యాపారంలో ఐదు వందలకి ఒకటి. ముత్యాల్లాంటి దస్తూరీ. పేరు వెంకట సుబ్బారావు, పుట్టినతేది జూలై 1, ఎప్పుడు ఫోన్ చేయమంటారన్న గడిలో, "ఎప్పుడైనా పరవాలేదు, పిల్లలు ఆఫీసుకి వెళ్తారు."

ఏజెంటుగారు ఆ క్షణమే ఫోన్ తీశారు. ఒకటో తారీఖున పుట్టినవాళ్ళకి మెడికేర్ ముందునెల ఒకటి నుంచే మొదలవుతుంది, అంటే జూన్ 1, ఆలస్యం చేయకూడదు.

"అంకుల్, ఇక్కడ ఎన్నేళ్ళు పనిచేశారు?"

"ఇక్కడ పనేముంది బాబూ, మనవణ్ణి బస్సెక్కించడమేగా. తెనాలి దగ్గర హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. గ్రీన్‌కార్డు వచ్చి రెండేళ్ళయింది."

ఏజెంటుగారి గొంతు తగ్గింది. మెడికేర్ రావాలంటే నలభై క్వార్టర్లు, అంటే సుమారు పదేళ్ళు, తనో జీవిత భాగస్వామో ఇక్కడ పనిచేసి పన్ను కట్టి ఉండాలి. కొడుకు కట్టింది తండ్రి లెక్కలోకి రాదు. లేదంటే గ్రీన్‌కార్డుతో ఐదేళ్ళు వరసగా ఇక్కడ ఉన్నాక మెడికేర్ కొనుక్కోవచ్చు. అప్పుడు ఆస్పత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏకి కూడా నెలనెలా కట్టాలి, 2025లో అది 518 డాలర్లు. మెడికేరే లేనప్పుడు దాని మీద మెడిగ్యాప్ ఎక్కడిది? లిస్టువాళ్ళకి వయసు తెలుసు, ఈ సంగతులు తెలియవు.

"అంకుల్, ఇంకో మూడేళ్ళు ఆగాలి. అయినా అడుగుతాను, జూలై ఒకటి నిజంగా మీ పుట్టినరోజేనా?"

"కాదు బాబూ, నేను పుట్టింది ఆశ్వయుజంలో. బళ్ళో వేసినప్పుడు మా మాస్టారు జూలై ఒకటి వేశారు. నేనూ చాలామందికి అదే వేశాను." కాసేపు ఆగి గొంతు తగ్గించారు. "మూడేళ్ళాగి మళ్ళీ రాయి నాయనా. ఈసారి మాత్రం కవరు మీద నా పేరు కనబడేట్టు చూడు. ఆ అరవై అయిదు తనకే రాశారనుకుని మా ఆవిడ మూడు రోజులు కాఫీ ఇవ్వలేదు."