అయిదుగురే ముద్దు, తొమ్మిదిమంది వద్దు

ఓటు వేసినవాడికి ప్రతినిధి దొరకాలని నమ్మే అమాయకులు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లు ఒక్కసారి అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ వైపు చూసి బుద్ధి తెచ్చుకోవాలి. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. 2020 లెక్కల్లో అక్కడి జనాభా కోటి. కౌంటీని ఏలే బోర్డులో సభ్యులు అయిదుగురు. వాళ్లను సూపర్‌వైజర్లంటారు. మనిషికి ఇరవై లక్షలమంది జనం. మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక ఎంపీ వంతుకు వచ్చేది ఇంచుమించు అంతే. కాకపోతే మన ఎంపీ కింద ఎమ్మెల్యే, జడ్పీటీసీ, సర్పంచి, వార్డు మెంబరు ఉంటారు కాబట్టి తిట్టడానికి మనకు మనుషుల కొరత లేదు. అక్కడ 88 నగరాలకు సొంత కౌన్సిళ్లున్నా, ఏ నగరంలోకీ రాని పది లక్షలమందికి మాత్రం మేయరూ కౌన్సిలరూ సమస్తమూ ఆ సూపర్‌వైజరే.

ఇందులో ఎంత పొదుపుందో చూడండి. కౌంటీ ఏడాది బడ్జెట్ 45 బిలియన్ డాలర్ల పైమాటే. రూపాయల్లోకి మారిస్తే మూడున్నర లక్షల కోట్లు దాటుతుంది. 2025-26లో ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3.22 లక్షల కోట్లు, తెలంగాణది 3.04 లక్షల కోట్లు. ఈ పద్దులకు చేతులెత్తడానికి మనం ఆంధ్రలో 175 మంది ఎమ్మెల్యేలను, తెలంగాణలో 119 మందిని పోషిస్తున్నాం. ఆ కౌంటీకి అయిదు చేతులు చాలు. వాకౌట్ చేద్దామన్నా మనుషులు సరిపోరు.

ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టాలని 2024 నవంబరులో మెజర్ జి అనే ప్రతిపాదనను జనం ఓటుకు పెట్టారు. అయిదుగురిని తొమ్మిదిమందిని చెయ్యాలి, కౌంటీ మొత్తానికీ ఒక అధిపతిని నేరుగా ఎన్నుకోవాలి, నీతి నియమాలు చూడటానికి ఒక కమిషన్ పెట్టాలి అన్నది దాని సారాంశం. 1992లోనూ 2000లోనూ బోర్డును పెంచుదామా అని అడిగితే వద్దన్న జనం, ఈసారి సగానికి కాస్త పైన ఓట్లతో సరే అన్నారు. అధిపతి 2028లో వస్తాడు. అదనపు సభ్యులు 2032లో వస్తారు. ముందు పెద్దాయన, ఆ తర్వాత నాలుగేళ్లకు ఆయన్ను ప్రశ్నించే మనుషులు. ఈ వరస ఒక్కటే నాకు నచ్చింది. మిగతాదాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

మొదటిది, సంప్రదాయం. 1912లో కౌంటీ చార్టర్, అంటే తన సొంత రాజ్యాంగంలాంటిది, రాసుకున్ననాటికి జనాభా అయిదు లక్షల చిల్లర, బోర్డులో అయిదుగురు. ఇప్పుడు జనం ఇరవై రెట్లు అయ్యారు, బోర్డులో అయిదుగురే. మాట మీద నిలబడటమంటే ఇదీ. సమానత్వం సంగతి కూడా చూద్దాం. అదే రాష్ట్రంలో ఆల్పైన్ అనే కొండ కౌంటీ ఉంది. జనాభా పన్నెండు వందలు, సూపర్‌వైజర్లు అయిదుగురు. అక్కడ 240 మందికి ఒకరు, ఇక్కడ ఇరవై లక్షలమందికి ఒకరు. పన్నెండు వందలమందికీ కోటిమందికీ ఒకే కొలత పెట్టినవాళ్లను పక్షపాతులని ఎవరైనా అనగలరా?

రెండోది, స్థిరత్వం. ఇరవై లక్షలమందికి ముఖం చూపించాలంటే కరపత్రాలకూ టీవీ ప్రకటనలకూ ఎంత కావాలో లెక్క వేసుకున్న కొత్త అభ్యర్థి మర్యాదగా ఇంటికి వెళ్లిపోతాడు. అందుకే 1980 తర్వాత 2024 దాకా కుర్చీలో ఉన్న సూపర్‌వైజర్ ఒక్కరూ ఓడిపోలేదు. కెన్నెత్ హాన్ 1952 నుంచి 1992 దాకా నలభై ఏళ్లు కూర్చున్నారు. ఇప్పుడు బోర్డులో ఆయన కూతురు జానిస్ హాన్ ఉన్నారు. ఓటరుకు కొత్త ఇంటిపేరు నేర్చుకునే శ్రమ కూడా లేదు. 2002లో ఎవరో ఓర్వలేక మూడు టర్ములే అని నిబంధన పెట్టించారు గానీ, అయినా పన్నెండేళ్లు దక్కుతున్నాయి. బాధాకరమైన విషయమేమిటంటే మెజర్ జి తెచ్చిన ఇద్దరిలో ఈ జానిస్ హాన్ ఒకరు. ఇంట్లోవాళ్లే ఇలా చేస్తే బయటివాళ్లను ఏమనగలం?

చిన్న బోర్డులో ఇంకో సుగుణం ఉంది. నియోజకవర్గం పెద్దదయ్యేకొద్దీ అందులో ఎవరినైనా కనబడకుండా సర్దెయ్యచ్చు. 1981లో సరిహద్దులు గీసినప్పుడు అప్పటి సభ్యులు తమ కుర్చీలు కాపాడుకోవడం కోసం లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల) పేటలను ముక్కలు చేశారని 1990లో ఫెడరల్ కోర్టు తేల్చింది. గీతలు మార్పించింది. మరుసటి ఏడాదే గ్లోరియా మోలినా గెలిచారు. బోర్డుకు ఎన్నికైన తొలి మహిళ ఆవిడే. అయిదుగురు చిన్న రాజులని అప్పటిదాకా పేరుపడ్డ ఆ కొలువులో 2020 చివరినుంచి అయిదుగురూ ఆడవాళ్లే. ఇదంతా నవ్వులాటకు లొంగే విషయం కాదు కాబట్టి త్వరగా దాటేస్తున్నాను. గీతలు గీసే పనిని సభ్యుల చేతిలోంచి తీసి పౌరుల కమిషన్‌కు అప్పగించారు. అయిదు నియోజకవర్గాలు గీయడానికి ఆ కమిషన్‌లో పద్నాలుగుమంది! బోర్డు కన్నా కమిషన్‌కే ఎన్నికలు పెడితే సరిపోయేది.

ఇక నా బ్రహ్మాస్త్రం. బ్రౌన్ చట్టమని కాలిఫోర్నియాలో 1953 నుంచి ఒకటుంది. స్థానిక సంస్థ సభ్యుల్లో సగానికి మించినవాళ్లు సంస్థ పనుల గురించి చాటుగా మాట్లాడుకోకూడదు. బోర్డులో అయిదుగురే ఉంటే ఇద్దరు కాఫీ తాగుతూ మాట్లాడుకోవచ్చు. మూడో మనిషి కుర్చీ లాక్కుని ఆ మాటల్లో దూరితే చట్టం మీరినట్టే. తొమ్మిదిమందైతే? నలుగురు దర్జాగా గుసగుసలాడుకోవచ్చు. పారదర్శకత కోసమని తెచ్చిన సంస్కరణ గుసగుసల కోటాను రెట్టింపు చేసింది. ఈ ముక్క ప్రచారంలో ఎవరూ గట్టిగా చెప్పలేదని నా ఫిర్యాదు.

అసలు కథ ఫలితాలొచ్చాక మొదలైంది. కౌంటీ సొంత రాబడిలో కనీసం పది శాతం జైళ్లకు వెళ్లకుండా పేదల ఇళ్లకూ వైద్యానికీ ఉపాధికీ పోవాలని 2020లో మెజర్ జె ద్వారా జనమే ఓటేసి చార్టర్‌లో పెట్టించారు. పెట్టించామనుకున్నారు. ఆ సవరణను చార్టర్‌లో ఎక్కించడం ఆఫీసువాళ్లు మరిచిపోయారు. నాలుగేళ్ల తర్వాత ఆ పాత ప్రతినే ముందు పెట్టుకుని మెజర్ జి రాశారు. దాంతో జి అమల్లోకి రాగానే 2028లో జె ఎగిరిపోతుందని 2025 జులైలో బయటపడింది. పాండవులెందరంటే మంచం కోళ్లలా ముగ్గురని చెప్పి రెండు వేళ్లు చూపించిన మహానుభావుడికి ఆ చార్టర్‌ను అప్పగించి ఉంటారని నా అనుమానం. కనిపెట్టింది లాయర్లు కాదు. సంస్కరణను నడిపించడానికి వేసిన పదముగ్గురి టాస్క్‌ఫోర్స్‌లో ఉన్న ఒక చిన్న ఊరి మాజీ కౌన్సిల్ సభ్యుడు. చదవమని ఇచ్చిన కాగితాన్ని చదివే దురలవాటు చిన్న ఊళ్లవాళ్లకు ఇంకా పోలేదు.

కథ అక్కడితో ఆగలేదు. మెజర్ జి ప్రకారం కౌంటీ పాలన నడపడానికి బోర్డు నియమించే సీఈవో అనే ఉన్నతాధికారి పదవి పోయి, ఎన్నికైన అధిపతి వస్తాడు. ఆ ఓటింగ్ వల్ల తనకూ తన పేరుకూ నష్టం జరిగిందన్న సీఈవోకు కౌంటీ 20 లక్షల డాలర్లు చెల్లించిన సంగతి 2025 అక్టోబరులో పత్రికలకెక్కింది. ప్రజాతీర్పు వల్ల దెబ్బతిన్నవాళ్లకు ప్రజల సొమ్ముతోనే పరిహారం! మన రాజ్యాంగ పండితులకు ఇన్నేళ్లలో తట్టని సూత్రమిది. రెండు తెలుగు రాష్ట్రాల్లో డిపాజిట్లు పోగొట్టుకున్న పెద్దలందరూ వెంటనే దరఖాస్తులు రాసుకోవాలని మనవి. ఫారాలు ఎక్కడ దొరుకుతాయో ఆ అయిదుగురినే అడగండి. ఇద్దరిద్దరిగా ఉన్నప్పుడు మాత్రమే అడగండి.