మౌనవ్రతం పట్టిన లాగిన్ తెర గారికి

అయ్యా,

నల్లగొండ నుంచి నమస్కారాలు. తమరు క్షేమమని తలుస్తాను. తలచడమే తప్ప తెలుసుకునే దారి లేదు. ల్యాప్‌టాప్ పక్కన చెయ్యి పెడితే వెచ్చని గాలి తగులుతోంది కాబట్టి ప్రాణాలతోనే ఉన్నారనుకుంటున్నాను.

నాకు చూపు లేదు. పదిహేనేళ్లుగా స్క్రీన్ రీడర్ చెవిలో చదివి వినిపిస్తుంటే కంప్యూటర్ నడుపుతున్నాను. విండోస్ వదిలి, ఎవరైనా తెరిచి చూడగల, మార్చుకోగల, పదిమందికి పంచగల ఓపెన్ సోర్స్ వ్యవస్థకు మారాలని ఈ వేసవిలో ముచ్చటపడ్డాను. ఏది ఎంచుకోవాలో తేల్చుకోవడానికి దొరికిన సమీక్షలన్నీ విన్నాను. తమరి వ్యవస్థను పొగడని వారు లేరు. విండోల అంచులు గుండ్రంగా ఉంటాయట. మెనూలు గాజుపలకల్లా మెరుస్తాయట. స్క్రీన్ రీడర్ సంగతి ఏమిటని వెతికితే చిట్టచివర రెండే మాటలు: ‘ఓర్కా ఉంది’. పెళ్లిళ్ల పేరయ్య ‘అబ్బాయికి ఉద్యోగం ఉంది’ అన్నట్టు. ఏం ఉద్యోగమో, జీతం వస్తుందో రాదో మనమే కనుక్కోవాలి.

ఓర్కా నిజంగానే ఉంది, దాన్ని తప్పుపట్టను. గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌తో పాటే వస్తుంది, పైసా అడగదు. సొరచేప దవడలను తలపించే ‘జాస్’ అనే రీడర్ అప్పటికే ఉంది కాబట్టి దీనికి తిమింగలం పేరు పెట్టారు. పేరు పెద్దదే. కానీ తమరి గుమ్మం దగ్గర ఆ తిమింగలం నిద్రలో ఉంటుంది. లేపాలంటే ఆల్ట్, సూపర్, ఎస్ మూడూ కలిపి నొక్కాలి. ఆ మంత్రం ఎక్కడ రాసి ఉంది? సెట్టింగుల్లో. సెట్టింగులు ఎక్కడ? తమరిని దాటిన తరువాత. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేయడమంటే ఇదే.

మంత్రం తెలిసినా ముహూర్తం తెలియాలి. తమరు ప్రత్యక్షం కాకముందే నొక్కితే ఫలం దక్కదు. ఉబుంటు అనే సాటి వ్యవస్థలో ఒకప్పుడు లాగిన్ తెర సిద్ధం కాగానే డోలు మీద చిన్న దెబ్బ వినిపించేది. అలాంటి దెబ్బ ఒక్కటి ఉంటే నాకు చాలు. తమరికి అదీ నామోషీయే.

చివరికి పక్కింటి ఎనిమిదో తరగతి అమ్మాయిని పిలిచాను.

‘తెర మీద ఏముందమ్మా?’

‘కొండలున్నాయి మామయ్యా. వెనక సూర్యుడు. చాలా బాగుంది.’

‘ఇంకా?’

‘గడియారం. పెద్దది.’

మాకు గడియారం సెంటర్ ఉంది. అక్కడ ఎవరిని అడిగినా టైము చెబుతారు.

‘ఇంకేమీ లేదా?’

‘కింద ఒక ఖాళీ పెట్టె ఉంది. అంతే.’

పాస్‌వర్డ్ కొట్టే ఆ ఖాళీ పెట్టె కోసమే కదా తల్లీ, నేను అరగంటగా తపస్సు చేస్తున్నది!

తమరికంటే మొండి ఘటం తమరి అన్నగారు. డిస్కుకు ఎన్‌క్రిప్షన్ అనే రహస్య తాళం పెట్టుకున్న పాపానికి తమరికంటే ముందే ఆయన వచ్చి పాస్‌వర్డ్ అడుగుతారు. ఆ వేళకు ఓర్కా ఇంకా పుట్టనే లేదు. తప్పు కొట్టానో, ఆయన అడగకముందే కొట్టానో నాకు తెలియదు. నా ఫైళ్లను దొంగల నుంచీ, నా నుంచీ సమానంగా కాపాడుతున్నారు.

మా బస్టాండులో బస్సు బోర్డు నాకు కనపడదు. కానీ కండక్టరు మెట్టు మీద నిలబడి ‘నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, ఎల్‌బీ నగర్’ అని గొంతు చించుకుంటాడు. నాకోసం కాదు. ఊరందరికీ అరుస్తాడు, ఊరితో పాటు నేనూ ఎక్కుతాను. ఆ కండక్టరు ఏ సాఫ్ట్‌వేర్ పరీక్షా రాయలేదు.

తమరి భక్తుల జవాబు నాకు తెలుసు: ‘సోర్స్ తెరిచే ఉంది కదా, మీరే సరిచేసి పంపండి.’ అలా చేసినవాళ్లు ఉన్నారు. చూపు లేని కంప్యూటర్ శాస్త్రవేత్త టి.వి. రామన్ 1990లలోనే ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ చేత మాట్లాడించారు. ఆస్ట్రేలియాలో చూపు లేని మైకేల్ కరన్ 2006లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ మొదలుపెట్టారు. నేను ఇన్నాళ్లూ వాడుతున్నది దాన్నే. చిత్రం చూడండి, అది ఓపెన్ సోర్సే, కానీ నడిచేది విండోస్ మీద. సరే, నేనూ సరిచేస్తాను. ముందు లోపలికి రానివ్వండి.

రానివ్వరని తేలింది కాబట్టి డెబియన్ అనే మరో ఓపెన్ సోర్స్ వ్యవస్థ గడప తొక్కాను. దాని ఇన్‌స్టాలర్ మెనూలో ‘ఎస్’ నొక్కి ఎంటర్ కొడితే ప్రతి ప్రశ్నా చదివి వినిపిస్తుంది. పని పూర్తయ్యాక కూడా నోరు మూసుకోదు. గొంతు మాత్రం ఈస్పీక్ అనే ప్రోగ్రాముది, జలుబు చేసిన గుమస్తా అర్జీ చదువుతున్నట్టు ఉంటుంది. నాకు సంగీత కచేరీ అక్కరలేదు.

తమరు కాపురమున్న డిస్కు మీదే డెబియన్‌ను ఎక్కించాను. తమరి కొండలూ, సూర్యుడూ, పెద్ద గడియారమూ అన్నీ చెరిగిపోయాయి. పక్కింటి అమ్మాయి కాస్త నొచ్చుకుంది.

ఇట్లు,
ఖాళీ పెట్టె బాధితుడు,
నల్లగొండ.