పొయ్యి కనపడే చోట తినండి: హైదరాబాద్‌లో మంచి బార్బెక్యూ కోసం వెతుకులాట

సంక్రాంతి వెళ్లిన వారానికి మా బావ ఏదో పని మీద రాజమండ్రి నుంచి హైదరాబాద్ వచ్చాడు. "ఒరేయ్, ఇక్కడ బార్బెక్యూ బార్బెక్యూ అంటారు కదా, ఓ మంచి చోటికి తీసుకెళ్లు" అన్నాడు. ఫోన్‌లో వెతికితే మా ఇంటి చుట్టుపక్కలే రేటింగ్‌లో నాలుగున్నర చుక్కలకు తగ్గనివి చాలా కనిపించాయి. ఒకటి ఎంచుకుని వెళ్లాం. బల్ల మధ్యలో గుంట, అందులో బొగ్గుల పెట్టె, దాని మీద చువ్వలు. రొయ్యలు రెండుసార్లు వచ్చాయి. ఆ తర్వాత వరసగా మొక్కజొన్న, అనాస ముక్కలు, బంగాళాదుంపలు. వడ్డించిన కుర్రాళ్లు ఎంతో మర్యాదగా చూసుకున్నారు. బయటికొచ్చాక బావ అన్నాడు: "కడుపు నిండిందిరా. కానీ మారేడుమిల్లి రోడ్డు పక్కన వెదురు బొంగులో కోడి కాల్చి, బొంగు చీల్చగానే ఒక వాసన కొడుతుంది చూడు, అలాంటిది ఇక్కడ ఒక్క ముక్కలోనూ రాలేదేంటి?"

ఆ మాట నాకు తగిలింది. తరతరాలుగా బొగ్గుల మీద మాంసం కాల్చుకు తింటున్న ఊరు ఇది. సాయంత్రం ఏడైతే శాలిబండ నుంచి బార్కస్ దాకా, ఇటు టోలిచౌకి, నాంపల్లి సందుల్లోనూ పొగ లేస్తూనే ఉంటుంది. అలాంటి ఊళ్లో 'మంచి బార్బెక్యూ' అని ఫోన్‌లో కొడితే ఆ పొగలేవీ కనపడవు. మనం వెతికే పద్ధతిలోనే లోపముందని నా అభిప్రాయం. కాల్చిన మాంసం రుచిని తేల్చేది నిప్పు, దాని ముందు నిలబడ్డ మనిషి. మనం నమ్ముకున్న చుక్కలు, ఫొటోలు, మెనూల్లో ఆ రెండింటికీ చోటే లేదు.

బార్బెక్యూ అనే మాటకు మన నగరాల్లో ఇప్పుడున్న అర్థం 2006లో ముంబైలో మొదలైన బార్బెక్యూ నేషన్‌తో స్థిరపడింది. బల్లలోనే పొయ్యి, ఇక చాలనుకుంటే చిన్న జెండా దించడం, మనిషికింత అని ఒకటే ధర. హైదరాబాద్‌లోనే పుట్టిన అబ్సల్యూట్ బార్బెక్యూస్ లాంటివి ఆ దారిని ఇంకా వెడల్పు చేశాయి. ఇవి చేసిన మేలును నేను తీసిపారేయను. అంతకుముందు మన దగ్గర చువ్వ కబాబ్ అంటే ఎక్కువగా మగవాళ్లు సందు చివర నిలబడి తినే తిండి. ముసలివాళ్లు, పిల్లలు, మాంసం ముట్టని అత్తగారు అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని కాల్చినవి తినే వీలు ఈ హోటళ్లతోనే వచ్చింది. పుట్టినరోజుకు, ఆఫీసు విందుకు వీటికి మించినవి దొరకవు.

కానీ ధర ఒకటే అయి, తిన్నంత పెట్టాల్సి వచ్చినప్పుడు హోటల్ లెక్క మారిపోతుంది. మటన్, రొయ్య ఖరీదైనవి. మొక్కజొన్న, బంగాళాదుంప, అనాస చవక, పైగా త్వరగా కడుపు నింపుతాయి. ఏది ముందు, ఏది మళ్లీ మళ్లీ బల్ల మీదికి వస్తుందన్నది ఆ లెక్కే నిర్ణయిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, వ్యాపారం అలాగే నిలబడుతుంది. రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఇలాంటి చోట్ల చాలావరకు ముక్క లోపల వంటగదిలోనే ఉడికిపోయి వస్తుంది. బల్ల మీది బొగ్గు దాన్ని వెచ్చగా ఉంచుతుందంతే.

బావ వెతికిన వాసన పోయేది అక్కడే. బాగా రగిలిన బొగ్గు దాదాపు పొగ లేకుండా మండుతుంది, దానికి సొంత వాసన తక్కువ. పచ్చి ముక్కలోంచి కారిన కొవ్వు, రసం నిప్పు మీద పడి ఆవిరై తిరిగి ఆ ముక్కకే పట్టుకుంటాయి. మనం 'కాల్చిన వాసన' అనేది చాలావరకు అదే. పైపొర వేడి 140 డిగ్రీలు దాటాక మాంసంలోని ప్రోటీన్లు, చక్కెరలు కలిసి ముదురు గోధుమరంగు కడతాయి. కారాల్సిన కొవ్వు వంటగదిలోనే కారిపోయాక బల్ల మీది బొగ్గుకు చేయడానికి పనేముంటుంది?

ఇక చుక్కల సంగతి. ఒక సాయంత్రం ఓపిక పట్టి, పేరున్న నాలుగైదు చోట్ల రివ్యూలు వరసగా చదవండి. 'ఫలానా కుర్రాడు బాగా చూసుకున్నాడు', 'ఫలానా అమ్మాయి సర్వీస్ సూపర్' అని వడ్డించినవాళ్ల పేర్లే కనిపిస్తాయి. బిల్లు తెచ్చిన కుర్రాడు బల్ల దగ్గరే నిలబడి "సార్, నా పేరుతో ఒక రివ్యూ పెట్టండి" అని అడగడం మనందరికీ అనుభవమే. వాడి జీతం, వాడి మెప్పు దాని మీద ఆధారపడి ఉండొచ్చు, అందుకే కాదనలేం. ఆ అయిదు చుక్కలు వాడి మర్యాదకు పడ్డవి. మటన్ ముక్క ఎలా కాలిందో వాటిని చూసి తెలుసుకోలేం. నేనైతే మూడు చుక్కలిచ్చినవాళ్లు రాసింది ముందు చదువుతాను. మెచ్చుకుంటూనే లోపం చెప్పేది వాళ్లే. హోటల్‌వాళ్లు పెట్టిన ఫొటోలు దాటేసి, తిన్నవాళ్లు తీసినవి, అందులోనూ ముక్క విరిచి లోపల చూపించినవి వెతుకుతాను.

ఇంటికి తెప్పించుకున్నవాళ్లు ఇచ్చే చుక్కల్ని నేను లెక్కలోకే తీసుకోను. చువ్వ మీది కబాబ్‌ను మూత ఉన్న డబ్బాలో పెడితే సొంత ఆవిరికే మెత్తబడిపోతుంది. అరగంట బైకు మీద తిరిగొచ్చిన సీఖ్‌ను చూసి దాన్ని కాల్చినవాడి చేతిని అంచనా కట్టడం వాడికి అన్యాయం.

మరి ఎక్కడ వెతకాలి? ఈ ఊరి కాల్పుడు వంటల్లో హైదరాబాద్‌కే సొంతమైనది పత్తర్ కా గోష్త్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వేటకెళ్లినప్పుడు వంటవాళ్లు చువ్వలు మరిచిపోయి, రాతిబండ కింద నిప్పు పెట్టి దాని మీద మాంసం కాల్చారని ఊళ్లో చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా, రాతి మీద పని మాత్రం నిజంగా కష్టం. మాంసాన్ని పలచగా, వెడల్పుగా కోసి, కొట్టి, మసాలా పట్టించి, కింద బొగ్గులు రగిలే గ్రానైట్ పలక మీద పరుస్తారు. రాయి చాలినంత వేడెక్కకపోతే ముక్క నీళ్లూరి ఉడికిపోతుంది. రాయి సరిగ్గా వేడెక్కితే ముక్క పడగానే గట్టిగా చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వినకుండా నేను ఆర్డర్ చెప్పను. రంజాన్ నెలలో చార్మినార్, మదీనా సెంటర్ చుట్టుపక్కల ఈ బండలు వరసగా వెలుస్తాయి, పోల్చి చూడటానికి అంతకన్నా మంచి సమయం లేదు.

బార్కస్‌ది వేరే చరిత్ర. బ్యారక్స్ అనే మాటే అలా మారింది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల బసలు అక్కడుండేవి. ఇవాళ ఊరంతా విస్తరించిన మండీ, అంటే మాంసంతో కలిపి వండే అన్నం, ఆ ప్రాంతపు వంటే. దాంతో పాటే ప్రతి బోర్డు మీదా అల్‌ఫహమ్ అనే కాల్చిన కోడి కనిపిస్తుంది. అరబ్బీలో ఫహమ్ అంటే బొగ్గు. పేరే బొగ్గు అయిన వంటను గ్యాస్ మంట మీద చేసి అమ్మేచోట్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. కాబట్టి కూర్చోకముందే లోపలికి ఒకసారి తొంగి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు. మండీ మాత్రం మూతపెట్టిన పొయ్యిలో మగ్గే వంట, గంపగుత్తగా ఒకేసారి తీస్తారు. అది ఏ వేళకు తీస్తారో అడిగి వెళ్లాలి. మధ్యాహ్నం తీసినదాన్ని సాయంత్రం అయిదింటికి తిని మండీ బాగోలేదంటే ఎలా?

బావను రెండో రోజు తీసుకెళ్లింది పాతబస్తీలో ఒక చిన్న బండి దగ్గరికి. బోర్డు కూడా సరిగా లేదు. అరవై దాటిన పెద్దాయన, పక్కన పదిహేడు పద్దెనిమిదేళ్ల కుర్రాడు. మేం వెళ్లేసరికి ఏడవుతోంది, ఇంకా ఏమీ కాల్చట్లేదు. బొగ్గు ఎర్రగా రగులుతోంది గానీ అక్కడక్కడా నల్లగా ఉంది. "పది నిమిషాలు ఆగండి భాయ్" అన్నాడు. ఎదురుగా ఆకలితో జనం నిలబడి ఉన్నా ఆయన తొందరపడలేదు. పచ్చి బొగ్గు మీద కాలిస్తే ముక్కకు చేదు పొగ పడుతుంది. బొగ్గు మీద తెల్లగా బూడిద పొర కట్టాక అప్పుడు మొదలుపెట్టాడు. చెయ్యి నీళ్లలో ముంచి, ఖీమా ముద్ద తీసి, పలక చువ్వ చుట్టూ నాలుగు వేళ్లతో నొక్కుకుంటూ పోయాడు. వేలి గుర్తులు వరసగా పడ్డాయి. ఖీమాలో కొవ్వు తక్కువైతే సీఖ్ ఎండి పగులుతుంది, ఎక్కువైతే జారి నిప్పులో పడుతుంది. ఆయన పెట్టిన చువ్వల్లో ఒక్కటీ జారలేదు. కొవ్వు చుక్క పడి మంట లేచినప్పుడల్లా కుర్రాడు బొగ్గులకు గాలి విసరడం ఆపేసేవాడు, పెద్దాయన చువ్వను పక్కకు జరిపేవాడు. వాళ్లిద్దరి మధ్య ఒక్క మాట లేదు.

మంచిచెడ్డలు పోల్చుకోవడానికి నాకు తోడ్పడే గుర్తులు ఇంకొన్ని ఉన్నాయి. రంగు మొదటిది. కబాబ్ ఎర్రగా మెరుస్తోందంటే కారం వల్ల కాకపోవచ్చు. ఎండుమిర్చి నిప్పు మీద నల్లబడుతుంది, రంగుపొడి ఎర్రగానే ఉంటుంది. కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో కబాబ్‌లలో కృత్రిమ రంగులను నిషేధించింది. మన దగ్గర కూడా తినేవాళ్లు వద్దని చెప్పడం అలవాటు చేసుకోవాలి. తర్వాత మెత్తదనం. పచ్చి బొప్పాయి రుద్దితే ముదురు మాంసమైనా మెత్తబడుతుంది, కానీ ఎక్కువసేపు ఉంచితే పీచు పోయి పిండిముద్ద అవుతుంది. నోట్లో వేసుకోగానే కరిగిందని మురిసిపోకండి. మంచి బోటీ కబాబ్ ముక్క పంటికి కాస్త ఎదురుతిరుగుతుంది. ఇక చైనీస్, తందూరి, బిర్యానీ, మండీ, షవర్మా అన్నీ ఒకే మెనూలో ఉన్నాయంటే ఆ వంటగదిలో పెద్ద ఫ్రీజర్ ఉందనే నేను అనుకుంటాను.

పాతబస్తీకి కొత్తగా వెళ్లేవాళ్లు ఒక మాట తెలుసుకోవాలి. అక్కడ ఛోటా అంటే మటన్, బడా అంటే పెద్ద పశువు మాంసం. చవకగా దొరికే సీఖ్ చాలాచోట్ల బడానే. "భాయ్, ఛోటే కా హై క్యా?" అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తారు. ఇన్నేళ్లలో నాకు ఎవరూ అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు. అడగకుండా తిని తర్వాత బాధపడటం, అడగకుండానే అనుమానపడి మానేయడం రెండూ సరికాదు.

శుభ్రత దగ్గర మాత్రం రాజీ వద్దు. 2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. కాల్చిన కోడితో, మండీతో గిన్నెల కొద్దీ ఇచ్చేది అదే. నిప్పు మీద ఉన్న ముక్క కంటే దాని పక్కన గంటల తరబడి బయట ఉన్న ఆ గిన్నె వల్లే ప్రమాదం ఎక్కువ. కోడి విషయంలో ఎముక దగ్గర విరిచి చూడండి. మాంసం ఇంకా మెరుస్తూ పచ్చిగా ఉంటే మొహమాటం లేకుండా వెనక్కి ఇవ్వండి, మళ్లీ నిప్పు మీద పెట్టిస్తారు.

నాకు అసలు దిగులు ఇంకొకటి. ముంబైలో హైకోర్టు ఆదేశాల తర్వాత 2025లో నగరపాలక సంస్థ బొగ్గు తందూరులున్న హోటళ్లను గ్యాస్‌కో కరెంటుకో మారమంది. ఢిల్లీలో గాలి పాడైన రోజుల్లో హోటళ్ల తందూరుల్లో బొగ్గు, కట్టెలు వాడకుండా నిబంధనలున్నాయి. గాలి అందరిదీ, ఆ ఆదేశాల వెనకున్న కారణాన్ని నేను కాదనను. అందరికంటే ముందు ఆ పొగ పీల్చేది పొయ్యి ముందు రోజూ అయిదారు గంటలు నిలబడే మనిషే. కానీ హైదరాబాద్‌కు అలాంటి ఉత్తర్వు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటే, వచ్చిన రోజున పెద్ద హోటళ్లు కొత్త యంత్రాలు కొనుక్కుంటాయి, బండివాళ్లు పోతారు. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో వచ్చిన చట్టం మనకు ఉంది. దాని కింద కబాబ్ బండ్లకు ఒక చోటు కేటాయించి, అందరికీ కలిపి పొగ లాగే గొట్టాలు, వడపోత పెట్టించడం నగరపాలక సంస్థకు మోయలేని పనేమీ కాదు. రుచి, ఊపిరి రెండూ నిలబడే దారి అదేనని నా నమ్మకం.

ఆ రాత్రి బావ ఆరు చువ్వలు తిన్నాడు. ఉల్లిపాయ, నిమ్మకాయ, రుమాలీ రొట్టె తప్ప పక్కన ఇంకేమీ లేవు. చివర్లో పెద్దాయన్ని "ఈ బొగ్గు ఏ కర్రదండీ?" అని అడిగాడు. సర్కారు తుమ్మ అన్నాడాయన, ఆంధ్రా నుంచి, ప్రకాశం జిల్లా వైపు నుంచి బస్తాల్లో వస్తుందట. మాటల మధ్య ఆయన దగ్గుతూనే ఉన్నాడు. బావ జేబులోంచి రుమాలు తీసి ఇవ్వబోయాడు. ఆయన వద్దని నవ్వి, మెడలో తువ్వాలు ముక్కుకు కట్టుకుని, ఇంకో నాలుగు చువ్వలు నిప్పు మీద పెట్టాడు.