హెలికాప్టర్ స్పీడు పెంచే ఇంజినీర్లకి బెజవాడ నుంచి ఒక విన్నపం

అయ్యా, హెలికాప్టర్ స్పీడుకి ఇప్పటికీ అఫీషియల్ రికార్డు 1986 ఆగస్టు 11న ఇంగ్లండ్‌లో వెస్ట్‌ల్యాండ్ లింక్స్ అనే హెలికాప్టర్ కొట్టిందే, గంటకి 400.87 కిలోమీటర్లు. ఆ లెక్కన బెంజి సర్కిల్ నుంచి గన్నవరం మూడే మూడు నిమిషాలు. కార్లో అయితే ఆ టైముకి రామవరప్పాడు రింగు కూడా కనపడదు.

అంతకన్నా ఎందుకు పోదంటే పైన తిరిగే రెక్కలతోనే గొడవంట. ముందుకి తిరిగే రెక్కకి హెలికాప్టర్ వేగం కూడా కలిసి దాని కొస ధ్వని వేగం దగ్గరికి పోద్ది, అటుపక్కన వెనక్కి తిరిగే రెక్కకి గాలి చాలక పైకి లేపే బలం పడిపోద్ది. పొత్తు ప్రభుత్వం లాగా అన్నమాట, ఒకడు ఊపు మీదుంటే ఇంకోడు చల్లబడతాడు, బండి పక్కకి ఒరుగుద్ది. దీనికి సికోర్‌స్కీ వాళ్లు ఎక్స్2 అని, రెండు రోటర్లు, అంటే పైన తిరిగే రెక్కల సెట్లు, ఒకదాని మీద ఒకటి ఎదురెదురుగా తిప్పి వెనక నెట్టడానికి ప్రొపెల్లర్ పెట్టి 2010లో 460 దాటించారు. యూరోకాప్టర్ వాళ్లు ఊరుకుంటారా, ఎక్స్3కి రెండు పక్కలా విమానానికుండేలాంటి పొట్టి రెక్కలూ వాటికి ప్రొపెల్లర్లూ తగిలించి 2013లో 472కి తీసుకెళ్లారు. ఈ రెండూ అఫీషియల్ రికార్డు లెక్కలోకి మాత్రం ఎక్కలేదు. బుర్రలంటే బుర్రలే, కాదన్ను.

కానీ సమస్య గాల్లో ఉందని మీకెవరు చెప్పారండీ? మా దగ్గర పదిన్నరకి సభ అంటే పొద్దున్నే గ్రౌండ్‌లో సున్నంతో హెచ్ గీస్తారు, ట్యాంకరుతో నీళ్లు కొడతారు, రోడ్డు ఆపేస్తారు, బొకే పట్టుకున్నాయన చేతులు మార్చుకుంటా ఉంటాడు, మైకులో మాత్రం "మరికొద్ది నిమిషాల్లో" అని వస్తానే ఉంటది, నాయకుడు రెండింటికి దిగుతాడు. ఇక్కడ ఎక్స్3 అయినా ఒకటే ఎడ్లబండైనా ఒకటే. కాబట్టి రికార్డు కొలిచేవాళ్లు గడియారం రోడ్డు ఆపిన కాణ్నుంచి మొదలుపెట్టి నాయకుడి చేతికి మైకు అందాక ఆపాలని మా డిమాండు.

ఇంకోటి, స్పీడు సంగతి తర్వాత చూద్దురుగానీ ముందు ఆ కిందకి కొట్టే గాలి తగ్గించే డిజైనేదన్నా చూడండి. పోయినసారి దిగేటప్పుడు షామియానా లేచి పక్క డాబా మీద పడి చిరిగింది, సప్లయర్స్ అబ్బాయి డబ్బులెవర్ని అడగాలో తెలీక, ముందు వరసలో కూర్చున్న పాపానికి నన్ను పట్టుకున్నాడు.